మండువాపై అద్దపు కప్పు

మా అత్తవారి యిల్లు కోనసీమలోని పాతకాలపు మండువా లోగిలి. నాలుగు వైపుల వసారాలు, నడుమ నాకాశము. వాన వచ్చినచో నీరంతయు మండువాలోనే పడును. రెండేండ్ల క్రిందట శ్రావణమాసమున మా అత్తగారు ఆ తడిబండలపై జారిపడి, తుంటియెముక విరిగి, మూడు మాసములు మంచము పట్టిరి. నాటినుండి మండువాపై అద్దపు కప్పు వేయింపవలెనని ఇంటిల్లిపాదియు తలచితిమి.

నాకు మాత్రము భయము. నా చిన్ననాట మా పుట్టింటి వంటయింటి కప్పులో వెలుతురుకై యొక అద్దపు పెంకు ఉండెడిది. ఒకనాడు కోతి దానిపై దుమికెను. కత్తివంటి ముక్క యొకటి నా తమ్ముని ఉయ్యాలకు జానెడు దూరమున పడెను. నాటి మా యమ్మ ముఖము నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. కావున ధర యడుగుటకు ముందే "ఇది పగిలిన నేమగును?" అని యడుగుట నాకలవాటైనది.

పట్టణములోని దుకాణదారుడు మొదట టెంపర్డ్ గ్లాసు చూపెను. అద్దమును మిక్కిలి కాచి, గాలితో వెనువెంటనే చల్లార్చి దీనిని చేయుదురు. సాదా అద్దముకంటె నాలుగైదు రెట్లు బలమైనది. పగిలినను కత్తులవంటి ముక్కలు గాక చిన్నచిన్న పలుకులగును. కాని యా పలుకులన్నియు నొక్కమారుగా తలపై రాలినచో? అదియునుగాక, లోపల చిక్కుకొనిన నికెల్ సల్ఫైడు రేణువువలన నరుదుగా నది దెబ్బ తగులకయే పగులుట కలదు.

అంతట లామినేటెడ్ గ్లాసు చూచితిని. ఇందు రెండద్దముల నడుమ పారదర్శకమైన ప్లాస్టిక్కు పొర యుండును. అద్దము పగిలినను ముక్కలు ఆ పొరను వదలవు. ఫ్రాన్సు దేశపు ఎడ్వార్డ్ బెనెడిక్టస్ 1909లో నిట్టి యద్దమునకు పేటెంటు కోరెను. నేటి మోటారుకారుల ముందరి యద్దములు ఈ జాతివే. పాలికార్బనేటు రేకు తేలిక, సులభముగా పగులదు. కాని దానిపై గీతలు పడును, రక్షణపూత లేనిచో నెండకు పసుపుబారును.

అద్దపు బరువును మఱవరాదు. 6 మిల్లీమీటర్ల యద్దములు రెండు జతపఱచినచో చదరపు మీటరుకు 30 కిలోలు తూగును. అందుచే పాత దూలములపై వేయక, ఇంజనీరుచే లెక్క కట్టించి ఇనుప చట్రము నిలిపితిమి.

అత్తగారు మొదట నొప్పుకొనలేదు. "ఆకాశమును మూసివేసిన యిల్లు ఇల్లేనా? తులసమ్మకు గాలి వలదా?" అనిరి. ఆ మాటలో సత్యము కలదు. ఎండలో తలుపులు మూసియుంచిన కారు ఎట్లు కాగునో మనమెఱుగుదుము గదా. కావున నెండవేడిని కొంత త్రిప్పికొట్టు పూతగల యద్దము నెన్నుకొని, కప్పును పెంకులకు రెండడుగుల యెత్తున నిలిపి, అంచులను వెలుపలికి సాచితిమి. వేడిగాలి ఆ సందులనుండి పోవును; జల్లు లోనికి రాదు. నీరు నిలువకుండ వాలును పెట్టించితిమి.

వ్యయము అనుకొన్నదానికంటె మించినది. మావారు కొన్నాళ్లు ముభావముగా నుండిరి.

గడచిన వేసవి గాలివానలో పెరటి కొబ్బరిచెట్టునుండి గెల యొకటి తెగి కప్పుపై పడెను. ఆ సమయమున అత్తగారు దాని క్రిందనే కూర్చుండి బియ్యము చెఱుగుచుండిరి. నేను పరుగెత్తుకొని వచ్చితిని. అద్దము సాలెగూటివలె చీలికలువాఱినది. క్రింద నొక్క రవ్వయు పడలేదు. అత్తగారు పైకి చూచిరి, చేట ప్రక్కన పెట్టి నా చేయి పట్టుకొనిరి. "నీ భయమే నన్ను కాచినదే అమ్మాయీ" అనిరి.

ఆ పలకను మఱునాటి వారమున మార్పించితిమి. ఈ మారు మావారు ధర యడుగలేదు.