మా వేలిముద్రలు

నెల మొదటి తారీఖున మా పేటలో అందరికంటే ముందు లేచేది ముసలివాళ్లు. పింఛను వచ్చే రోజు కదా. ముఖాలు కడుక్కుని, కాలువ గట్టు మీద కూర్చుని, చేతులకు కొబ్బరినూనె రాసుకుంటారు. కొత్తవాళ్లు చూస్తే సోకు అనుకుంటారు. సోకు కాదు. వెదురు చీల్చి చీల్చి, ఈనెలు గీరి గీరి మా వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మిషను వాటిని గుర్తుపట్టదు. నూనె రాస్తే కాస్తయినా తేలతాయని మా వాళ్ల ఆశ.

మేము ఎరుకలవాళ్లం. కోనసీమలో కాలువ గట్ల మీద, ఊళ్ల చివర పదేసి గడపల పేటలుగా ఉంటాం. బుట్టలు, తట్టలు, చేటలు అల్లడం, పందులు పెంచడం, సోది చెప్పడం మా పెద్దల బతుకు. ఇప్పుడు కొబ్బరి ఈనెల చీపుళ్లు కడుతున్నాం, కూలికి పోతున్నాం. మాలో కొందరం బొమ్మూరు డైట్‌లో చదివి మాస్టర్లమయ్యాం.

ఆదివాసీలంటే కొండలూ అడవులే గుర్తొచ్చేవాళ్లకి కొబ్బరితోటల మధ్య ఉన్న మేము కనపడం. మాది ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు గనక 1996 నాటి పెసా చట్టం మా దాకా రాదు. ఐ.టి.డి.ఎ. రంపచోడవరంలో ఉంది, మా దగ్గర లేదు. రాష్ట్రంలో ఎస్టీలకు కేటాయించిన 7 అసెంబ్లీ సీట్లలో కోనసీమలో ఒక్కటీ లేదు. పంచాయతీలో రిజర్వేషను జనాభాను బట్టి వస్తుంది. ఊరికి పదిళ్లున్న మాకు సర్పంచి కుర్చీ ఎప్పటికి దొరకాలి? అందుకే నాయకత్వం అనే మాట వచ్చినప్పుడు మేము ఎన్నికల వైపు కాక, ఉద్యోగాల వైపు చూడాల్సి వచ్చింది.

వేలిముద్ర మాకు కొత్త కాదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తించింది. అందులో మా కులాన్నీ చేర్చారు. పుట్టుకతోనే దొంగలన్నట్టు మా తాతల పేర్లు రిజిస్టర్లలో ఎక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సెటిల్‌మెంటు పెట్టి మా వాళ్లను అందులో ఉంచారు. రాత్రిపూట పేరు పిలిస్తే పలకాలని, పలక్కపోతే మర్నాడు దెబ్బలేనని మా మామ్మలు చెప్పేవారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అప్పట్లో మా వేళ్లు బాగా కనపడేవి. ఇప్పుడు మాకు రావలసింది ఇవ్వాల్సినప్పుడు మాత్రం కనపడటం లేదు.

ఇంకో రిజిస్టరు సంగతి కూడా చెప్పాలి. అది మేము రాసిందే.

2001లో మా పేట పిల్లాణ్ని ఒకణ్ని బళ్లో చేర్చుకున్నాం. అడ్మిషను రిజిస్టరులో కులం గడిలో ‘ఎస్టీ’ అని రాసి వదిలేశాం. ‘ఎరుకల’ అని రాయలేదు. ఇంటిపేరు వాళ్ల నాన్న పలికినట్టు రాశాం, రేషను కార్డులో ఉన్నట్టు రాయలేదు. అప్పుడు అదేం పెద్ద సంగతి అనిపించలేదు. 2013లో ఆ కుర్రాడు ఇంటరు ప్యాసయ్యాడు. ఇంజనీరింగు కౌన్సెలింగుకి కులధ్రువీకరణ పత్రం కావాల్సి వచ్చింది. 2011 నవంబరులో మొదలైన మీసేవ అప్పటికే మా దగ్గరికి వచ్చింది. దరఖాస్తు నిమిషాల్లో పెట్టేశారు. కానీ ఒక కాగితంలో ఉన్న పేరు ఇంకోదానిలో లేదు. బళ్లో రాసింది చూస్తే తెగ పేరే లేదు. వాడు ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకి తిరుగుతుండగానే కౌన్సెలింగు అయిపోయింది. వాడు రొయ్యల చెరువు మీద కాపలాకి వెళ్లిపోయాడు. ఆఫీసుల్ని తిట్టుకున్నాం గానీ మొదటి తప్పు మాదే. మా చేత్తో, మా కలంతో, మా వాడికే చేశాం.

వాడి చెల్లెలు ఇదంతా చూసింది. ఆ పిల్ల పదో తరగతి పరీక్షకు వెళ్లకముందే మేము రికార్డులు దగ్గరుండి సరిచేయించాం. బీసీఏ చదివింది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. లక్షకు పైగా పోస్టులు. సెప్టెంబరులో పరీక్షలు. ఆ అక్టోబరు 2న మన పాత తూర్పు గోదావరి జిల్లా కరపలోనే మొదటి సచివాలయం ప్రారంభించారు. ఎస్టీలకున్న 6 శాతం రిజర్వేషనులో ఆ పిల్లకి డిజిటల్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. రాజోలు వైపు ఒక ఊళ్లో వేశారు. ప్రొబేషనులో జీతం నెలకు 15,000. రెండేళ్లన్నది దాటి, 2022లో గానీ ఖాయం కాలేదు. ‘సోదమ్మ మనవరాలు కంప్యూటరు కొడుతోంది’ అని అక్కడ కొందరు నవ్వారట. ‘మా మామ్మ చెయ్యి చూసేది, నేనూ చెయ్యే చూస్తున్నాను’ అని చెప్పిందట.

ఒకసారి మేము ఆ సచివాలయానికి వెళ్లాం. ఒక ముసలామె వేలు మిషను మీద పెడుతోంది, ఎర్ర దీపం వెలుగుతోంది. పది వేళ్లూ అయ్యాయి. ఆమె భయపడి చెయ్యి చెంగులో దాచుకుంది, తప్పు చేసినట్టు. ఈ పిల్ల లేచి వెళ్లి పక్కన కూర్చుంది. ‘మామ్మా, బుట్టలల్లుతావా?’ అని మన కుర్రు బాసలో అడిగింది. ఆ బాస ఆఫీసులో వినపడటం ఆమె జన్మలో అదే మొదటిసారి అయ్యుంటుంది. చెయ్యి బయటికి తీసింది. తర్వాత కంటి మిషనుతో పని అయిపోయింది. కంటి మిషను ఆ గదిలో ముందునుంచీ ఉంది. దాన్ని బయటికి తీయాలనుకునే మనిషే కావాల్సి వచ్చింది.

2022 మే 24న అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. కంప్యూటరు ముందు కూర్చుని చేసేదేం లేదు. ఆ పిల్ల ఒక నోటుపుస్తకం కొని, వచ్చినవాళ్ల పేరు, పని, తెచ్చిన కాగితాలు రాసుకుంది. నెట్టు వచ్చాక వరసగా పెట్టేసింది. ఎవరినీ మళ్లీ రమ్మనలేదు. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ రాస్తోంది. ఎవరి పని ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది అందులో ఉంటుంది. దాన్ని మండలం మీటింగుకి పట్టుకెళ్లి చదువుతుంది. ఇది మాకు నాయకత్వంగానే కనపడింది.

అయితే ఆ పిల్లే మాతో ఒక మాట అంది. ‘మాస్టారూ, తెర మీద ఏ గడి ఉండాలో నేను చెప్పలేను. ఉన్న గడి నింపడమే నా పని. గడులు గీసేవాళ్లు అమరావతిలో, ఢిల్లీలో ఉన్నారు. వాళ్లలో మనవాళ్లు ఒక్కరున్నా, వెదురు పనిచేసేవాళ్ల వేళ్లు అరుగుతాయని ముందే చెప్పేవారు.’

నిజమే. 2024 జూలై నుంచి వృద్ధులకు పింఛను 4,000 అయింది, సచివాలయం వాళ్లే ఇంటికి తెస్తున్నారు. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. మంచిదే. కానీ మా పేటలో ఆ సందేశం చదవగలిగేవాళ్లు ఎందరు? ఊరికో సచివాలయం దగ్గర మనవాళ్లుంటే సరిపోదు. రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీలో, ఎన్.ఐ.సి.లో, గ్రూపు పరీక్షలు రాసి వచ్చే పెద్ద కుర్చీల్లో కూడా మన పిల్లలు ఉండాలి. కంప్యూటరు చదివిన మన పిల్లలు హైదరాబాదు, బెంగళూరు వెళ్తున్నారు. వెళ్లనివ్వండి. సర్కారు కంప్యూటరు వెనక కూర్చునే ఉద్యోగమూ ఉందని, అక్కడ మన అవసరం ఎక్కువని కూడా వాళ్ల చెవిన వేయండి. వీటికి చదువుతో పాటు కాగితాలూ సరిగ్గా ఉండాలి. ఆ కాగితాలు మొదలయ్యేది ఒకటో తరగతిలో, మా లాంటి మాస్టర్ల బల్ల మీద.

అందుకే ఇప్పుడు మేము అడ్మిషను రిజిస్టరు తొందరగా రాయం. ఆధారు, రేషను కార్డు, పుట్టిన కాగితం పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూస్తాం. కులం గడిలో తెగ పేరు పూర్తిగా రాస్తాం. తేడా ఉంటే ఆ వారంలోనే సచివాలయానికి తీసుకెళ్తాం.

మొన్న జూన్‌లో రొయ్యల చెరువు మీద పనిచేసే ఆ అన్న తన కూతుర్ని తీసుకుని మా బడికి వచ్చాడు. మేము రాయడం అయ్యాక వాడు రిజిస్టరు తనవైపు తిప్పుకున్నాడు. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. ఎరుకల అన్న చోట ఆగాడు.

‘ఇంకోసారి పైకి చదవండి మాస్టారూ’ అన్నాడు.

చదివాం.