స్క్రీన్ రీడరు స్క్రిప్టులకు భాషానిర్ణయము

చూపులేనివాడు కంప్యూటరును వాడుటకు స్క్రీన్ రీడరు సాధనము. తెరమీది అక్షరములను, బొత్తాములను, పట్టికలను అది కంఠధ్వనిగా మార్చి వినిపించును. బ్రెయిలీ ఫలకమున్నచో దానిపై చుక్కలుగా నిలుపును. అయితే సాఫ్ట్‌వేరు నిర్మాతలందఱును అంధులను తలచి పనిచేయరు. ఒకచోట బొత్తామునకు పేరుండదు. ‘బటన్’ అని మాత్రమే వినబడును. మఱియొకచోట అవసరమైన సమాచారము తెర అడుగున మెఱసి మాయమగును, చెవికి చేరనే చేరదు. ఇట్టి లోపములను సవరించుటకు స్క్రీన్ రీడరునకు చేర్చెడి చిన్న చిన్న ఆజ్ఞాపాఠములనే స్క్రిప్టులందురు. వీనిని జీతమునకు వ్రాయువారు కలరు. తీరికవేళలలో తన అవసరము కొఱకు, తనవంటివారి అవసరము కొఱకు వ్రాసికొను అంధ ఔత్సాహికులును కలరు. అట్టి ఔత్సాహికునకు మొట్టమొదట ఎదురగు ప్రశ్న, ఏ ప్రోగ్రామింగ్ భాషను నేర్వవలెననునది.

కంటితో చదువువానికి ఈ ప్రశ్న చాలవఱకు అభిరుచికి సంబంధించినది. చెవితో చదువువానికి అట్లు కాదు. కన్ను పుటనంతయు ఒక్కమాఱు చూచి, ఏ ఖండము ఎచట మొదలై ఎచట ముగిసినదో గ్రహించును. చెవికి పంక్తి వెంట పంక్తియే తెలియును. కావున ఒక భాష తన ఖండముల ఎల్లలను ఏ గుర్తుతో తెలుపుచున్నదను విషయము ఇచట ప్రధానమగుచున్నది.

ఈ దృష్టితో చూచినచో జాస్ అను స్క్రీన్ రీడరు యొక్క సొంత భాష మెచ్చదగినది. మోటారుసైకిలు పందెగాడైన టెడ్ హెంటర్ 1978లో కారు ప్రమాదమున చూపు కోల్పోయెను; పిమ్మట ఆయన పూనికతో ఈ సాధనము 1989లో డాస్ యంత్రములకును, 1995లో విండోసునకును వెలువడెను. దాని స్క్రిప్టుభాషలో ‘ఇఫ్’ అని తెఱచిన ఖండము ‘ఎండిఫ్’ అని మూయబడును. ‘వైల్’ అనుదానికి ‘ఎండ్‌వైల్’, ‘ఫంక్షన్’ అనుదానికి ‘ఎండ్‌ఫంక్షన్’ కలవు. తలుపు మూయునప్పుడును అది ఏ తలుపో పేరు పలుకు భాష యిది. సీ కుటుంబపు భాషలలో ఈ సౌకర్యము లేదు. అందు ‘రైట్ బ్రేస్, రైట్ బ్రేస్, రైట్ బ్రేస్’ అని వరుసగా మూడుమాఱులు వినబడినపుడు ఏ కుండలీకరణము దేనిని ముగించుచున్నదో శ్రోత వ్రేళ్లపై లెక్కించుకొనవలసినదే. లిస్పు భాష ఈ విషయమున మఱింత కఠినమని తోచును. అయినను, పదునాలుగవ యేట చూపు కోల్పోయి, బొంబాయి ఐఐటీలోను కార్నెల్ విశ్వవిద్యాలయములోను చదివిన టి. వి. రామన్ 1995లో వెలువరించిన ఈమాక్‌స్పీక్ లిస్పులోనే వ్రాయబడినది. ఈమాక్స్ అను రచనాసాధనము కుండలీకరణములలోని సమాసమునంతను ఒక్క అడుగులో దాటింపగలదు గనుక, వానిని లెక్కించు శ్రమ ఆయనకు తప్పినది.

ఇక పైథాన్. అందు ఖండము ముగిసినదని తెలుపుటకు పదమును లేదు, గుర్తును లేదు. పంక్తికి ముందు విడువబడిన ఖాళీ తగ్గుటయే ముగింపు. అనగా మౌనమే వ్యాకరణము. చెవితో చదువువానికి ఇంతకంటె ప్రతికూలమైన ఏర్పాటును ఊహించుట కష్టము. పైథాన్ అంధులకు పనికిరాదని చాలకాలము వినబడిన ఆక్షేపణకు మూలమిదియే.

భారతీయ భాషాశాస్త్రజ్ఞులకు ఈ చిక్కు క్రొత్తది కాదు. పాణిని అష్టాధ్యాయి వినుటకై కూర్చబడిన గ్రంథము. ఒక అధికారసూత్రము తరువాతి సూత్రములను ఏలుచున్నదని తెలుపుటకు ఆ మహర్షి స్వరితస్వరమును గుర్తుగా నియమించెను. ఉపదేశమునందలి కొన్ని అచ్చులు ఇత్తులని తెలుపుటకు అనునాసికోచ్చారణమును నియమించెను. గుర్తులు ధ్వనిలోనే ఉండెను. కాలక్రమమున ఆ స్వరములును అనునాసికములును పాఠపరంపరలో లోపించెను. ఇప్పుడు ఏ అధికారము ఎంతవఱకు ప్రసరించునో వ్యాఖ్యాతలు చెప్పగా తెలిసికొనవలసినదే. ధ్వనిలో నుండిన ఎల్ల లోపించినపుడు పండితులకు కలిగిన శ్రమయు, కంటికి మాత్రమే కనబడు ఎల్ల వలన అంధునకు కలుగు శ్రమయు ఒక్క జాతివే.

పైథాన్ విషయమున ఆ లోపించిన స్వరము తిరిగి చేర్పబడినది. ఎన్‌వీడీఏ అను స్క్రీన్ రీడరును అంధుడైన మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో ప్రారంభించెను. అంధుడే యగు జేమ్స్ టే ఆయనకు తోడయ్యెను. ఈ సాధనము పంక్తికి ముందున్న ఖాళీని మాటలతో చెప్పగలదు, లేదా స్వరముతో తెలుపగలదు. ఖాళీ పెరిగినకొలది స్వరము హెచ్చును, తగ్గినకొలది తగ్గును. కొంత అభ్యాసము తరువాత శ్రోత అంకెలను లెక్కింపడు. శ్రుతి దిగగనే ఖండము ముగిసినదని గ్రహించును. భాష మాఱలేదు, చదివి వినిపించు యంత్రము మాఱినది.

భాషానిర్ణయమునకు కీలకమిచటనే యున్నది. చెవికి ఇంపైన భాష ఏదియను ప్రశ్నకంటె, చదివి వినిపించు యంత్రమును మార్చు అధికారము ఏ భాష వలన లభించుననునదియే ముఖ్యము. అమెరికాలో ఆండ్రియాస్ స్టెఫిక్ మొదలగువారు అంధవిద్యార్థులను ఉద్దేశించి నిర్మించిన క్వోరమ్ భాషలో ప్రతి ఖండమును ‘ఎండ్’ అను మాటతో ముగియును. ప్రోగ్రామింగ్ నేర్చుకొనుటకు అది చక్కనిది. కాని ఏ స్క్రీన్ రీడరునకును అది ఇంటిభాష కాదు. విండో-ఐస్ అను మఱియొక స్క్రీన్ రీడరు 2008లో తన తలుపులు తెఱచి, వీబీస్క్రిప్టు మొదలగు పలుభాషలలో స్క్రిప్టులు వ్రాయనిచ్చెను. భాషాస్వేచ్ఛ యనిన అంతకు మించినది లేదు. 2017లో ఆ సాధనపు విక్రయము నిలిపివేయబడెను. ఔత్సాహికులు ఏండ్లతరబడి వ్రాసికొన్న స్క్రిప్టులకు నిలువనీడ లేకపోయెను. మూలపాఠము యజమానిచేతిలో నుండెను గనుక, వాడుకరులెవ్వరును దానిని నిలుపజాలకపోయిరి.

ఎన్‌వీడీఏ మూలపాఠము అందఱకును తెఱచియున్నది. చాలవఱకు అది పైథాన్‌లోనే వ్రాయబడినది. దానికి చేర్చెడి యాడ్-ఆన్‌లకును అదియే భాష. కావున యాడ్-ఆన్ వ్రాయ నేర్చినవాడు ఆ నేర్పుతోనే యంత్రపు లోపలిభాగమును చదువగలడు. దోషము యంత్రమునందే యున్నచో సవరణను వ్రాసి పంపగలడు. ఇల్లు అద్దెదైనచో గోడకు మేకు కొట్టుటకును అనుమతి కావలెను గదా!

అట్లని పైథాన్ మార్గమున ముళ్లు లేవనరాదు. పైథాన్ రెండవ రూపమునుండి మూడవదానికి మాఱిన ఎన్‌వీడీఏ 2019.3 సంచిక 2020లో వెలువడినపుడు, పాత యాడ్-ఆన్‌లనన్నిటిని సరిదిద్దుకొనవలసివచ్చెను. కర్తలు విడిచిపోయినవి, వేఱొకరు చేపట్టనిచో, మూలపడెను. యంత్రపు అడుగుపొరలు కొన్ని సీ ప్లస్ ప్లస్‌లో నున్నవి. అచటికి దిగుట ఔత్సాహికులందఱకును సాధ్యము కాదు. ఉద్యోగము చేయు కార్యాలయమున జాస్ మాత్రమే యున్నచో జాస్ భాషయే నేర్వవలెను. దానిపై వాదము వ్యర్థము.

తెలుగువానికి ఈ మార్పిడి వలన ఒక మేలు కలిగినది. ‘లక్ష్మి’ యన్న మాట చెవికి రెండక్షరములు. యూనికోడులో అది ఏడు సంకేతములు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. రెండవ పైథాన్‌లో సాధారణపు పదబంధము బైట్ల వరుస యగుటచే, యూటీఎఫ్-8లో ఈ మాట పొడవు ఇరువదియొకటిగా లెక్కకు వచ్చెడిది. మూడవ పైథాన్ దానిని ఏడుగా గ్రహించును. రెండుగా గ్రహింపజేయుట స్క్రిప్టు వ్రాయువాని పని. ఎప్పుడు రెండుగా వినిపింపవలెను, ఎప్పుడు ఏడుగా వినిపింపవలెననునది మాత్రము భాషాశాస్త్రజ్ఞుడు తేల్పవలసినది. కథ వినువానికి అక్షరము చాలును. అచ్చుతప్పులు దిద్దువానికి పొల్లు సైతము వినబడవలెను.

ప్రోగ్రామింగ్ అక్కఱలేని పనియు ఒకటి కలదు. యంత్రకంఠములో ‘ఋషి’కిని ‘రుషి’కిని, ‘ర’కును ‘ఱ’కును భేదము తెలియుట కష్టము, శ, ష, స లును అంతే. ఎన్‌వీడీఏలో భాషభాషకు వేర్వేఱుగా, అక్షరమునకు గుర్తుపదమును జోడించు పట్టిక యుండును. కోరినచో, కర్సరు అక్షరముపై క్షణకాలము నిలువగనే ఆ పదము వినబడును. ఆ పట్టిక సామాన్యపు పాఠపుటయే; కలము పట్టిన ఎవ్వరైనను వ్రాయగలరు. కాని గుర్తుపదమును ఎన్నుటకు చెవియెఱుక కావలెను. ‘శ’కు ‘శివుడు’ తగును. ఆ పేరును ‘ష’తో వ్రాయుదురని ఎవ్వరును భ్రమపడరు. ‘ఋ’కు ‘ఋతువు’ తగదు. దానిని ‘రుతువు’ అని వ్రాయువారు పెక్కండ్రున్నారు. ‘ఱ’కు ఏ పదమును వెదుకనక్కఱలేదు. బండి ఱ అను పేరు బడిపిల్లలకును తెలిసినదే.