పెంచిన తల్లి

ఎం. ఎం. కే యను నాంగ్లేయ రచయిత్రి 1908లో సిమ్లాయందు జన్మించినది. ఆమె 1978లో ప్రకటించిన "ది ఫార్ పెవిలియన్స్" అను బృహన్నవలను నే నిటీవల చదివి ముగించితిని. హిందూదేశపు వాయవ్య సరిహద్దును, కాబూలును అందలి ముఖ్యస్థలములు. 1879 సెప్టెంబరు 3వ తేదీన కాబూలు రెసిడెన్సీలో కవాగ్నరీయు, నతని రక్షకులైన గైడ్స్ దళమువారును హతులైన వృత్తాంతము తుది ఘట్టము. వీరరసప్రియులు దానిని మెత్తురు గాక!

నా మనస్సు మాత్రము సీతయొద్ద నిలిచినది. 1857 నాటి విప్లవమున దిక్కులేని దొరబిడ్డను తన కొడుకని చెప్పి కాపాడిన పరిచారిక యామె. ఆ బిడ్డ అశోకుడై పెరిగెను. పిమ్మట ఆష్టన్ అను పేర ఇంగ్లండునకు బంపబడి, యుభయులకును పరాయివాడయ్యెను. అతడు వలచిన రాజపుత్రి అంజులియు, తల్లియందు రుష్యారక్తము గలదని యంతఃపురమున నీసడింపబడినదే. పెంపకము మనుష్యుని జేయుచుండగా లోకము పుట్టుక నడుగుచున్నది.

మా యింట పదునాలుగేండ్లుగా నొక యనాథబాలిక పెరుగుచున్నది. దాని గోత్రమడుగని బంధువు లేడు. వారడిగినప్పుడు నా భార్య బదులు చెప్పదు. పిల్లను దగ్గరకు బిలిచి జడ యల్లును. ఇప్పుడా పిల్లయే "నేనెవరిదాన?" నని యడుగుచున్నది.

రచయిత్రి మన దేశమును పెక్కుచోట్ల దొరల కన్నులతోనే చూచినది. అయినను సీత యొడికి ఆమె తక్కువ చేయలేదు. చదువరులారా! సరిహద్దులు మన పంక్తిభోజనములందును గలవు. గోత్రమడుగుట మానిన నాడు అందొకటి చెరగును.