రెండో ఎమ్ ఎవరిది?

టాపు లేకపోయినా జీపు నడుస్తుంది. కమాను సరిగా లేకపోతే మాత్రం నడవదు. నడిచినా ఎటు పోతుందో చెప్పలేం. కోనసీమలో బళ్లు బాగుచేసి బతికే మేం చిన్నప్పుడే నేర్చుకునే మాట ఇది.

ఇక్కడ రోడ్డంటే చాలాచోట్ల కాలవ గట్టే. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక గోదావరి నీళ్లు కాలవలకెక్కాయి. కాలవ ఎటు తిరిగితే గట్టు అటు తిరుగుతుంది. గట్టు ఎటు తిరిగితే రోడ్డు అటు తిరుగుతుంది. ఒక పక్క నిండుగా నీళ్లు, రెండో పక్క పల్లంలో కొబ్బరితోట. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే చక్రం మట్టి అంచు మీదికి దిగాల్సిందే. ఆ క్షణాన బండి మన మాట వింటుందా, తన దారి తను చూసుకుంటుందా అన్నదే ప్రశ్న. స్టీరింగు జానెడు లాగిందంటే మనిషి నీళ్లలో ఉంటాడు. పట్నం వాళ్లకి కమాన్లు సుఖానికి సంబంధించిన విషయం. మాకు ప్రాణానికి సంబంధించిన విషయం.

మేమంటే ఎవరం? అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు రేకుల షెడ్లలో పానాలు పట్టుకున్న సాయిబులం. ఎక్కువమందిమి లేం. మాలో దూదేకుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమూ ఉన్నాం. తాతలు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకారు. మిల్లులూ ఫోము పరుపులూ వచ్చాక ఆ విల్లు అటకెక్కింది. మనవలు షెడ్లలో చేరారు. జీపు కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టాలని కమాను కట్ట అంటాం. కమాను అంటే ఫారసీలో విల్లు. తాతల చేతిలో ఉన్నదీ విల్లే, మా చేతిలో ఉన్నదీ విల్లే.

మరమ్మతు, దుకాణం, బాకీ, రసీదు. మా షెడ్డులో రోజంతా నలిగే ఈ మాటలన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చినవే. వాడేవాళ్లకి ఇవి తెలుగు మాటలు. రైతు అన్న మాట కూడా అలా వచ్చిందే. ఎక్కణ్నించి వచ్చావని మాటల్ని ఎవరూ అడగలేదు. మమ్మల్నే అడుగుతారు.

సినిమాల్లో సాయిబు మాట్లాడే తెలుగు మా ఇళ్లలో ఎవరికీ రాదు. ‘నీకీ’, ‘నాకీ’ అంటూ తెరమీద సాయిబు నోరు తెరిస్తే హాలంతా నవ్వుతుంది. హాల్లో మేమూ ఉంటాం. మమ్మల్ని ఎవరైనా పిలిస్తే ‘ఆయ్’ అంటాం. ‘ఆయ్, వచ్చేత్తన్నామండి’ అంటాం. అమ్మని అమ్మీ అని పిలిచిన నోటితోనే ఆ మాటా అంటాం. గోదావరి యాస మాది కాదని ఎవరు తీర్మానించారు?

ఇక జీపు సంగతి. మా షెడ్లకొచ్చే పాత ఓపెన్ జీపులు ఎక్కువగా మహీంద్రావే. ఒకటి సీజే 3బి. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 80 అంగుళాలే. రెండోది 1980ల్లో ప్యూజో డీజిల్ ఇంజనుతో వచ్చిన ఎమ్మెమ్ 540. రెండింటికీ ముందూ వెనకా కమాను కట్టలే. 2010లో వచ్చిన థార్‌కి ముందు టార్షన్ బార్లు పెట్టి వెనక కమాన్లు ఉంచారు. 2020లో వచ్చిన థార్‌కి నాలుగు చక్రాల దగ్గరా కాయిల్ స్ప్రింగులే. అయినా కొత్తది కొనగలిగినవాళ్లు కూడా పాతదాన్ని బాగుచేయించుకోడానికి వస్తారు. నాన్న నడిపిన బండి అని ఒకరు వస్తారు. కువైట్‌లోనో మస్కట్‌లోనో సంపాదించుకొచ్చి చిన్నప్పటి మోజు తీర్చుకుందామని ఒకరు వస్తారు. టాపు తీసేసిన జీపు మీద పెళ్లికొడుకు ఊరేగాలి. ఎన్నికల్లో నాయకుడు నిలబడి దండాలు పెట్టాలి. కనుమ నాడు కుర్రాళ్లు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వేసుకెళ్లాలి.

వచ్చినవాళ్లు చాలామంది అనేది ఒకటే. ‘గట్టిగా చెయ్యి సాయిబూ. ఇంకో రెండు పట్టాలు వేసి ఎత్తు లేపు.’

గట్టిగా ఉండటం వేరు, కుదురుగా ఉండటం వేరు. టాపు లేని జీపులో ఇద్దరు కూర్చుంటే బరువేముంది? పట్టాలు పెంచితే కట్ట బిగుసుకుపోతుంది. గుంట వచ్చినప్పుడు కమాను వంగదు, చక్రమే నేల వదిలి ఎగురుతుంది. నేల మీద ఆనని చక్రం స్టీరింగు మాటా వినదు, బ్రేకు మాటా వినదు. ఎత్తు లేపితే ఇంకో ప్రమాదం. ఇవి వెడల్పు తక్కువ బళ్లు. బరువు పైకి పోయినకొద్దీ మలుపులో ఒరుగుతాయి. టాపు లేని బండి బోల్తా పడితే మనిషి నెత్తికీ నేలకీ మధ్య అడ్డు ఏమీ ఉండదు. పొడుగు షాకిళ్లు వేసి ముందు భాగం లేపితే కింగ్‌పిన్ వాలు చెడుతుంది. ఆ వాలు తగ్గితే తిప్పిన స్టీరింగు దానంతటది తిన్నగా రాదు. అందుకే ఎత్తు లేపమంటే మేం ఒప్పుకోం.

మేం చేసేది ఇదీ. బండిని చదునైన గచ్చు మీద నిలబెట్టి నాలుగు మూలలా ఎత్తు కొలుస్తాం. కట్ట దించి పట్టా పట్టా విడదీస్తాం. అంతర్వేది, ఓడలరేవు వైపు బళ్లయితే ఉప్పుగాలికి పట్టాలు తుప్పుపట్టి ఒకదానికొకటి కరుచుకుపోయి ఉంటాయి. అలా కరుచుకుపోయినదాన్ని కమాను అనకూడదు, ఇనప దుంగ అనాలి. తుప్పు గీకి, పగుళ్లు చూసి, మధ్యలో గ్రాఫైటు గ్రీజు రాస్తాం. వంపు పోయిన పట్టాని కొలిమిలో ఎర్రగా కాల్చి సుత్తితో వంచి ఇస్తే చవగ్గా అయిపోతుంది. కానీ ఉక్కు పదును పోతే కొన్నాళ్లకే మళ్లీ చతికిలబడుతుంది. పదును తిరిగి పెట్టగల చేయి దొరక్కపోతే కొత్త పట్టా వెయ్యాల్సిందే. బుష్షులు, షాకిల్ పిన్నులు, సెంటర్ బోల్టు మారుస్తాం. రబ్బరు బుష్షులకి చివరి బిగింపు బండి బరువు నేల మీద ఆనాకే. గాల్లో లేపి ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. యూ బోల్టులు కొన్నాళ్లు తిరిగాక ఇంకోసారి బిగించాలి.

కమాను బరువు మోస్తుంది, కుదుపు మింగుతుంది. కానీ ఒకసారి వంగిన కమాను ఊరుకోదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని ఆపేది షాకబ్జారు. కమాను మెత్తగా ఉండాలి, షాకబ్జారు ఆరోగ్యంగా ఉండాలి. తర్వాత స్టీరింగు. టై రాడ్ చివర్లు, కింగ్‌పిన్ బేరింగులు, బాగా పాత బండికైతే బెల్ క్రాంకు. వీటిలో ఆట ఉంచేసి ఎన్ని కొత్త కమాన్లు వేసినా దండగే. చివరికి ముందు చక్రాల అలైన్‌మెంటు సరిచూసి, నాలుగు టైర్లూ ఒకే రకం వేయించి గట్టు మీదికి తీసుకెళ్తాం. మలుపు దాటాక చెయ్యి కాస్త వదులు చేస్తే స్టీరింగు తనంతట తను తిన్నగా రావాలి. అప్పుడు ఓనరు ముఖం చూడాలి.

ఇదంతా చట్టం గీసిన గీత లోపలే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ చేసినప్పటి లక్షణాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. మేం బండిని వేరే బండిగా మార్చం. దాని నడక దానికి తిరిగి ఇస్తాం, అంతే.

రెండేళ్ల కిందట రాజోలు వైపు నుంచి ఒక ఆసామి కొడుకు పెళ్లి ఊరేగింపు కోసం పాత జీపు తెచ్చారు. నెల రోజులు చేశాం. టాపు గుడ్డ కుట్టిందీ మావాడే, కమాన్లు దించి ఎక్కించిందీ మేమే. పెళ్లికి పిలిచారు, వెళ్లాం. కాలవ పక్కన గట్టు మీద ఆ జీపు పెళ్లికొడుకుని ఒక్క కుదుపు లేకుండా మోసుకెళ్లింది. చుట్టాలు మెచ్చుకుని ఎక్కడ చేయించారని అడిగారు. ‘హైదరాబాద్‌లో కంపెనీవాళ్లకిచ్చాం’ అన్నారాయన. మేం పక్కనే ఉన్నాం. మాకేసి చూసి నవ్వారు. డబ్బులు ఎగ్గొట్టలేదు, దగ్గరుండి భోజనం పెట్టించారు, మంచి మనిషే. మర్నాడు ఫోన్ చేశారు. ‘ఏమనుకోకండి సాయిబుగారూ. మా వియ్యాలవారు కొంచెం పట్టింపు మనుషులు. పెళ్లి బండి మీవాళ్లు చేశారంటే...’ ఆ మాట పూర్తిచెయ్యలేదు. పూర్తిచెయ్యని మాటల అర్థం మాకు బాగా తెలుసు.

ఆ జీపు మీదున్న పేరు కథ ఆయనకి తెలిసి ఉండదు. 1945లో ఆ కంపెనీ పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. కె.సి. మహీంద్రా, జె.సి. మహీంద్రా సోదరులతోపాటు మాలిక్ గులాం మహమ్మద్ అందులో భాగస్వామి. 1947లో దేశం రెండయింది. గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశానికి మొదటి ఆర్థికమంత్రి అయ్యారు, 1951లో గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. పొట్టి పేరు మాత్రం ఎమ్ అండ్ ఎమ్‌గానే ఉండిపోయింది. రెండో ఎమ్ చోటు కదల్లేదు, దాని అర్థం మారిపోయింది.

ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. భాగస్వామి వెళ్లిపోయారు, పేరు తీసేశారు. మేం అడిగేది వేరు. ఆ మహమ్మద్ వెళ్లాడు. మా తాతలు వెళ్లలేదు. వైనతేయ దాటి అవతలి ఊరు వెళ్లడమే వాళ్లకి పెద్ద ప్రయాణం. వెళ్లినవాడి పేరు కొట్టేసిన కలంతో, వెళ్లనివాళ్ల పేర్లు కూడా ఎందుకు కొట్టేస్తున్నారు?

1992 డిసెంబరు 6 తర్వాత మాకు ఈ ప్రశ్న మరీ పదునెక్కింది. అంతకుముందు మేం షెడ్డు సాయిబులం. ఆ తర్వాత ‘మీవాళ్లు’ అయ్యాం. ఎక్కడో ఏదో జరిగితే, జీపు కింద పడుకుని గ్రీజు కొడుతున్న మమ్మల్ని వంగి అడిగేవాళ్లు. ‘ఏంటి సాయిబూ, మీవాళ్లిలా చేశారు?’ 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ కొబ్బరిచెట్లని నేలమట్టం చేసినప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. కూలిన చెట్ల మధ్య తిరగడానికి బళ్లు కావాలి, బళ్లకి మేం కావాలి. దారులు బాగుపడ్డాయి. ప్రశ్నలు మళ్లీ వచ్చాయి.

లౌకికవాద మిత్రులది ఇంకో పద్ధతి. ‘మీరు అలాంటివాళ్లు కాదు’ అని భుజం తడతారు. ఎలాంటివాళ్లం కాదు? మంచి సాయిబు అనిపించుకోవాలంటే సాయిబుతనం కాస్త దాచుకోవాలి కాబోలు. ఆ మెచ్చుకోలులో కూడా ఒక కొట్టివేత ఉంది మిత్రులారా.

ఈ ఒత్తిడికి మాలో కొందరు షెడ్డు బోర్డు మీద మతం తెలియని పేరు రాయించుకున్నారు. కొందరు రెండు పట్టాలు ఎక్కువ వేసిన కమానులాగా బిగుసుకుపోయారు. ఎందుకు బిగుసుకున్నారో మాకు తెలుసు. దానివల్ల బండి నేల వదులుతుందనీ తెలుసు. అవతలివాళ్లు బిగుసుకున్నా జరిగేది అదే.

పేరు చిన్న విషయమేం కాదు. ఆ సంగతి కోనసీమకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న మా జిల్లా ఏర్పడింది. దానికి అంబేద్కర్ పేరు చేరుస్తామన్నందుకు మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. అంబేద్కర్ పేరునే ఓర్వలేని చోట సాయిబు పేరు ఎవరికి కావాలని ఆ రాత్రి మేం అనుకున్నాం. కానీ ఆ పేరు నిలిచింది. ఇప్పుడు జిల్లా బోర్డుల మీద ఉంది. అది చూసినప్పుడల్లా మాకూ కొంత ధైర్యం వస్తుంది.

మేం అడిగేది గొంతెమ్మ కోరికేం కాదు. మీ ప్రాణాలూ, మీ పిల్లల ప్రాణాలూ మా బోల్టుల మీద పెట్టి గట్టు మీద వెళ్తున్నారు. నమ్మకం లేకపోతే వెళ్లరు. మా చేతి మీద ఉంచిన ఆ నమ్మకాన్ని మా పేరు మీద కూడా ఉంచండి. ఎక్కడ చేయించారని ఎవరైనా అడిగితే ఊరు చెప్పండి, షెడ్డు చెప్పండి, మనిషి పేరు చెప్పండి.

ఇప్పుడు మా షెడ్డులో పని పూర్తయ్యాక ఇచ్చే రసీదు మీద, ఆ పని చేసిన మేస్త్రీ పేరు మొత్తం రాస్తున్నాం. షేక్ అనీ, మహమ్మద్ అనీ, తెలుగులో, విడి అక్షరాలు పెట్టకుండా. ఎమ్ అని రాసి వదిలేస్తే దాని అర్థం ఎవరికి కావాల్సినట్టు వాళ్లు మార్చేసుకుంటారు.