భుజం బెణికిందా? చీటీ చూసుకోండి!

“డాక్టరుగారూ, రెక్క పట్టేసిందండీ. ఏదైనా సూది వేసి పంపండి.”

ఖమ్మం, భద్రాచలం అడవి అంచు ఊళ్ళలో ఉద్యోగం చేసిన ఇన్నేళ్ళలో ఈ మాట వినని వారం లేదు. మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ, తునికాకు మూటతో అడవిలోంచి నడిచొచ్చే తల్లి, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, వెదురు నరికే కోయ యువకుడు, అందరిదీ ఇదే మాట. పై అరలోంచి ఆవకాయ జాడీ దించబోయిన టీచరమ్మదీ ఇదే. రెక్కాడితేగాని డొక్కాడనివాళ్ళకు రెక్క విలువ నేను చెప్పాలా? అయితే సూది సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ చేతిలోని ఓ.పి. చీటీ గురించి నాలుగు మాటలు చెప్పాలి.

మన ఒంట్లో అన్ని కీళ్ళకన్నా ఎక్కువ వైపులకు తిరిగేది భుజం కీలు. దాని గుంట లోతు తక్కువ. అందులో ఎముక గుండు కదలకుండా నాలుగు కండరాలు చుట్టూ పట్టుకొని ఉంటాయి. వీటిని కలిపి రొటేటర్ కఫ్ అంటాం. బరువు హఠాత్తుగా లాగితే ఈ కండరాల పోగులు సాగుతాయి. ఇంకాస్త ఎక్కువైతే కొన్ని తెగుతాయి. మరీ ఎక్కువైతే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే నార మొత్తం తెగిపోవచ్చు. మొదటిరకం మామూలుగా రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. చివరిదానికి ఒక్కోసారి ఆపరేషన్ కావాలి. ఈ మూడింటినీ మనవాళ్ళు ‘పట్టేసింది’ అనే ఒక్క మాటతో సరిపెడతారు. వచ్చిన చిక్కల్లా అక్కడే.

నేను చూసిన ఇద్దరు హమాలీల సంగతి చెబుతాను. ఇద్దరికీ కుడి భుజమే, ఇద్దరికీ బస్తా ఎత్తుతుండగానే తగిలింది. మొదటిరోజు వేరువేరు చోట్ల చూపించుకున్నారు. ఒకరి చీటీలో ‘భుజం నొప్పి’ అని రాసి, కింద మాత్రల పేర్లున్నాయి. రెండో అతని చీటీలో ‘కుడి భుజం, ఈ ఉదయం లారీలోకి బస్తా ఎత్తుతుండగా కలుక్కుమంది, చెయ్యి భుజం ఎత్తుకు లేవడం లేదు, రొటేటర్ కఫ్ చీలిక అనుమానం’ అని ఉంది. నెలన్నర తర్వాత స్కానింగులో ఇద్దరికీ చీలిక కనబడింది. నష్టపరిహారం అడిగినప్పుడు రెండో అతను చీటీ చూపించాడు. మొదటి అతన్ని మాత్రం “ఇది పనిలోనే తగిలిందని రుజువేది? వయసుతో వచ్చిన నొప్పేమో!” అన్నారు. పాపం, ఏం చెబుతాడు? భార్య చెవికమ్మలు తాకట్టుకు వెళ్ళాయి.

1923లో వచ్చిన కార్మిక నష్టపరిహార చట్టం ఒక షరతు పెట్టింది. దెబ్బ పని వల్ల, పని చేస్తుండగా తగిలి ఉండాలి. 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ షరతు అలాగే ఉంది. ఆ ముక్క చెప్పవలసింది మొదటిరోజు చీటీయే.

ఇంకో సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి జబ్బుకూ, దెబ్బకూ ఒక గుర్తు ఇచ్చింది. 1990లో ఆమోదించిన పదో కూర్పు ప్రకారం ఉత్త కీలు నొప్పి ఎం 25.5. బిగుసుకుపోయిన భుజం, చక్కెర వ్యాధి ఉన్నవారిలో ఎక్కువగా కనిపించేది, ఎం 75.0. దెబ్బ తగలకుండా వచ్చే రొటేటర్ కఫ్ బాధ ఎం 75.1. దెబ్బ వల్ల అదే కండరం బెణికినా చీలినా ఎస్ 46.0. అంటే ‘ఎం’ జబ్బు, ‘ఎస్’ దెబ్బ అన్నమాట. ఎలా తగిలిందో చెప్పే గుర్తులు వేరే ఉన్నాయి. చెట్టుమీంచి పడితే డబ్ల్యు 14, శక్తికి మించి శ్రమిస్తే ఎక్స్ 50. 2022 జనవరి 1న పదకొండో కూర్పు అమల్లోకి వచ్చి గుర్తులు మారాయిగాని పద్ధతి అదే. చీటీలో లేని విషయాన్ని గుర్తులు వేసే గుమాస్తా ఊహించి రాయకూడదు కదా!

మా ప్రాంతంలో దీని అవసరం మరీ ఎక్కువ. భద్రాచలం చుట్టూ ఉన్న కొన్ని మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఛత్తీస్‌గఢ్, ఒడిశా పల్లెలనుంచీ రోగులు ఇక్కడికే వస్తారు. కోయభాష తప్ప మరొకటి రాని పెద్దాయన భద్రాచలంనుంచి ఖమ్మం, అక్కణ్ణించి వరంగల్ వెళితే మూడుచోట్లా ఆయన తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

కనుక డాక్టరు దగ్గర ఈ సంగతులు మీరే చెప్పండి. ఏ భుజం? ఏ రోజు, ఏ వేళ? ఏ పని చేస్తుండగా? ఆ క్షణంలో ఏమనిపించింది? ఇప్పుడు చెయ్యి ఎంతవరకు లేస్తోంది? లోగడ ఆ భుజం నొప్పి ఉండేదా? చెప్పాక “ఇది చీటీలో రాయండి డాక్టరుగారూ” అని అడగండి. జంకవద్దు. తేదీ, సంతకం, ఎన్నాళ్ళు విశ్రాంతి అన్నది చూసుకోండి. పాత నొప్పిని మాత్రం కొత్త దెబ్బగా రాయించుకోకండి. వైద్యం దారి తప్పుతుంది.

ఆస్పత్రిలో చేరినవారి రికార్డులను మూడేళ్ళు ఉంచాలనీ, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ 2002 నాటి వైద్యమండలి నిబంధనలున్నాయి. ఓ.పి. చీటీని దాచుకోవడం మాత్రం మీ వంతే.

ఇక వైద్యం. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి. మర్దన వద్దు. చెయ్యి పట్టి గుంజించవద్దు. కట్టు మెడకు రోజుల తరబడి వేలాడదీస్తే భుజం బిగుసుకుపోతుంది. నొప్పి తగ్గుముఖం పట్టగానే ముందుకు వంగి చేతిని గడియారం లోలకంలా మెల్లగా ఊపండి. నొప్పి మాత్రలు సొంతంగా కొని వారాల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి. ఎక్స్‌రేలో ఎముకే తప్ప కండరం కనబడదు. అందుచేత ‘ఎక్స్‌రే బాగుంది’ అంటే భుజం బాగుందని కాదు సుమా!

పడ్డాక చెయ్యి లేవకపోయినా, భుజం ఆకారం మారినా, వేళ్ళు మొద్దుబారినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. భుజం నొప్పితోబాటు గుండె బరువు, చెమటలు, ఆయాసం ఉంటే క్షణం ఆగవద్దు. అది గుండెపోటు కావచ్చు.

చీటీని సెల్‌ఫోనులో ఫోటో తీసి ఉంచండి. రేషను కార్డు, పట్టా పుస్తకం దాచుకునే పెట్టెలో ఆ కాగితానికి కూడా కాస్త చోటివ్వండి.