నిలువు తెర మీద ఉత్పలమాల

మిత్రులారా, ఛందస్సు విడిచి ఈ పంతులు జావాస్క్రిప్టు వెంట పడ్డాడేమిటని నవ్వకండి. ఈ టపాకు కారణం ఒక పద్యమే.

మా మనుమరాలు తొమ్మిదవ తరగతి. మొన్న సెలవులకు బిచ్కుంద వచ్చినప్పుడు, నేను వ్రాసి ఇక్కడ ఉంచిన ఒక ఉత్పలమాలను చరవాణిలో తెరచి గణవిభజన చేయమన్నాను. కాసేపు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "తాతా, దీంట్ల ఎనిమిది పాదాలున్నయ్. ప్రాస గూడ తప్పింది" అన్నది. జీవితమంతా పద్యం చెప్పి బ్రతికినవాణ్ణి, గతుక్కుమన్నాను. తీరా చూస్తే తప్పు పిల్లది కాదు. పాదానికి ఇరవై అక్షరాలు. నిలువు తెరకు అవి పట్టవు. ప్రతి పాదమూ నడుమ విరిగి రెండు వరుసలైంది. విరిగిన ముక్కలో రెండవ అక్షరాన్ని కూడా ఆమె ప్రాసస్థానమనుకొన్నది. చరవాణిని అడ్డం తిప్పగానే నాలుగు పాదాలూ బుద్ధిగా నిలబడ్డాయి.

అయితే తెర నిలువుగా ఉన్నప్పుడు "అడ్డం తిప్పి చదవండి" అని పుటయే చెప్పాలని సంకల్పించాను. తెర తిరిగినప్పుడు బ్రౌజరు 'ఓరియెంటేషన్‌చేంజ్' అనే సంఘటనను పుటకు తెలుపుతుంది. దానితో 'విండో.ఓరియెంటేషన్' అనే సంఖ్యను చూడవచ్చు: 0, 90, -90, 180. సున్న అంటే నిలువని వ్రాసేశాను. నా ఫోనులో భేషుగ్గా నడిచింది. ఒక మిత్రుని ట్యాబ్లెట్టులో మాత్రం, అడ్డంగా పట్టుకొన్నవాణ్ణే అడ్డం తిప్పమన్నది! సున్న అంటే ఆ పరికరపు సహజస్థితి అట. కొన్ని ట్యాబ్లెట్లకు అడ్డమే సహజం. పైగా ఆ సంఖ్య ఇప్పుడు వాడదగనివాటిలో చేరిపోయింది.

పిమ్మట సీఎస్ఎస్‌లోని మీడియా క్వెరీని ఆశ్రయించాను. అది కోణాన్ని చూడదు. వెడల్పు ఎత్తును మించితే అడ్డం, లేకుంటే నిలువు. జావాస్క్రిప్టులో 'మ్యాచ్‌మీడియా'తో ఇదే ప్రశ్న అడిగి, మారినప్పుడల్లా కబురు తెప్పించుకోవచ్చు. సూత్రమంటే ఇలా ఉండాలని మురిసిపోయాను. ఒక పాత ఆండ్రాయిడ్ ఫోనులో వ్యాఖ్య వ్రాయబోతే కీబోర్డు పైకి లేచి ఎత్తును మింగేసింది. నిలువు ఫోను కాస్తా అడ్డమైపోయింది. క్రోమ్ 2022లో 108వ కూర్పుతో ఈ తీరు మార్చుకొన్నది గాని, పాత ఫోనులు ఇంకా ఉన్నాయి కదా.

అసలు దెబ్బ ఇంట్లోనే తగిలింది. మా ఇంటావిడ పడుకొని చదువుతుంది గనుక ఆటో రొటేట్ ఎప్పుడూ ఆపే ఉంచుతుంది. "తిప్పితే తిరగదు, తిప్పమని ఒకటే పోరు" అని విసుక్కొన్నది. 2018 నాటి వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు, 2.1వ కూర్పు, చెప్పేదీ అదే: చదువరిని ఒకే దిశకు కట్టివేయరాదు. ఫోనును చక్రాల కుర్చీకి బిగించుకొన్నవారు ఎలా తిప్పుతారు?

సూచనను తీసివేశాను. ఒక్కొక్క పాదాన్ని వేరు పేరాగా చేసి, ఎడమ ప్రక్క కొంత చోటు వదిలి, అంతే కొలతను రుణసంఖ్యగా 'టెక్స్ట్-ఇండెంట్'కు ఇచ్చాను. ఇప్పుడు విరిగిన ముక్క లోపలికి జరిగి కూర్చుంటుంది. పాదాల మొదళ్ళు ఒకే నిలువులో కనబడతాయి. తాళపత్రాలమీద పాదాలు విడదీయకుండానే వ్రాసుకొన్న జాతి మనది, ఈ మాత్రం సర్దుకోలేమా!

మనుమరాలికి మళ్ళీ చూపించాను, నిలువుగానే. "ఇప్పుడు నాలుగే. ప్రాస కుదిరింది. గని తాతా, మూడో పాదంల పదో అక్షరానికి యతి ఏది?"

నిజమే. నిన్న రాత్రి సవరించాను.