సిమ్లా బస, గిరి నది నీరు

జ్యేష్ఠమాసపు ఎండలు ముదిరేసరికి ఢిల్లీ వాసులకు సిమ్లా గుర్తుకు వస్తుంది. రాత్రి పాత ఢిల్లీలో రైలెక్కినవారు తెల్లవారేసరికి కాల్కా చేరుకుంటారు. అక్కడి నుంచి, 1903లో ప్రారంభమైన చిన్న రైలు 96 కిలోమీటర్ల మార్గాన్ని, వందకు పైగా సొరంగాలను తాపీగా దాటి, సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పట్టణానికి వారిని చేరుస్తుంది.

హోటలు గదిలో అడుగుపెట్టిన అతిథి ముందుగా కిటికీ తెరుస్తాడు. దేవదారు వృక్షాలు, వాటి వెనుక లోయ, మబ్బులు లేని రోజైతే దూరాన మంచుకొండలు కనిపిస్తాయి. తరువాత స్నానాలగదిలో కుళాయి తిప్పుతాడు. వేడినీరు పడగానే ప్రయాణపు బడలిక సగం తీరుతుంది. కిటికీలోని దృశ్యాన్ని మెచ్చుకున్నవాడికి కుళాయిలోని నీరు ఎక్కడిదన్న ఆలోచన సాధారణంగా రాదు.

సిమ్లా కొండ వీపు మీద వెలసిన పట్టణం. ఒకవైపు కురిసిన వాన సట్లెజ్‌లో కలిసి అరేబియా సముద్రం వైపు సాగుతుంది. రెండవవైపు కురిసినది యమునలోకి జారి బంగాళాఖాతం దారి పడుతుంది. పట్టణం చెంత మాత్రం నది లేదు. 1864లో దీనిని వేసవి రాజధానిగా చేసుకున్న ఆంగ్లేయులు తమనాటి చిన్న ఊరికి సరిపడే నీటి ఏర్పాట్లు చేశారు. ఊరు పెరిగింది. నేడు లోయలలోని నీటిని పంపులతో వందల మీటర్ల ఎత్తుకు తోడవలసి వస్తోంది.

2018 వేసవిలో ఆ వనరులు అడుగంటాయి. రోజుల తరబడి ఇళ్లకు నీరు రాలేదు. జనం బిందెలతో ట్యాంకర్ల కోసం బారులు తీరారు. కార్లు కడగడాన్ని, భవన నిర్మాణాలను హైకోర్టు వారం పాటు నిలిపివేసింది. బడులు మూతపడ్డాయి, వేసవి ఉత్సవం వాయిదా పడింది. అతిథుల రాకతో బతికే ఆ ఊరిలోనే కొందరు, ఈసారికి రావద్దని యాత్రికులను వేడుకున్నారు.

సిమ్లా దాహం తీర్చే వనరులలో గిరి నది ఒకటి. అది దిగువన పావంటా సాహిబ్ ప్రాంతంలో యమునలో కలుస్తుంది. ఢిల్లీ తాగే నీటిలో యమునదీ పెద్ద వాటాయే. అంటే ఎండకు తాళలేక కొండెక్కిన అతిథి తన ఇంటి నదికే ఎగువన స్నానం చేస్తున్నాడన్నమాట. షవరు కట్టి ఒక్క బకెట్టుతో సరిపెట్టుకుంటే, ఆ పొదుపు హోటలు వెనుక సందులో బిందెతో నిలుచున్న ఇల్లాలికి ముందు దక్కుతుంది.